మూడు సీట్లు, ఒక్క విద్యార్థిని

మడకశిర ప్రాంతపు పటాన్ని చూసినవారికి ఒక విశేషం వెంటనే కనిపిస్తుంది. దానికి మూడు దిక్కులా కర్ణాటకమే. ఉత్తరాన పావగడ, పడమట శిర, దక్షిణాన మధుగిరి. తూర్పున మాత్రమే హిందూపురం, పెనుకొండల మీదుగా తెలుగునేలతో దానికి సంబంధం. 2022 ఏప్రిల్ వరకు అనంతపురం జిల్లాలో ఉండి, ఆ తరువాత శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఈ ప్రాంతానికి అనంతపురం కంటే తుమకూరే దగ్గర. అమరాపురం, అగళి, రొళ్ల వైపు పిల్లలు తెలుగు, కన్నడం రెండింటినీ చిన్ననాటి నుండే మాట్లాడతారు. కనుక ఇంటర్మీడియట్ ముగించిన విద్యార్థికి ఇక్కడ దారులు రెండు రాష్ట్రాల వైపూ తెరుచుకుంటాయి. దారులు ఎక్కువైన చోట తికమకా ఎక్కువే.

వేరుశనగ పండించే ఒక రైతు కుమార్తెకు మూడు చోట్ల ప్రవేశం లభించిందనుకోవచ్చు. ఒకటి, అనంతపురంలోని జె.ఎన్.టి.యు. ఇంజినీరింగ్ కళాశాల. రెండవది, తిరుపతిలో 2015లో ప్రారంభమైన ఐసర్‌లో ఐదేళ్ల విజ్ఞానశాస్త్ర కోర్సు. మూడవది, బెంగళూరులో ఒక ప్రైవేటు కళాశాల. దానికి ముందస్తుగా కొంత సొమ్ము కూడా కట్టారు. ఫలితాలు వచ్చిననాడు ఇంట పండుగ వాతావరణమే. మరునాటి నుండి సలహాల వాన మొదలవుతుంది. మేనమామకు బెంగళూరు అంటే మోజు. పొరుగింటివారు ఏ కళాశాలలో ఎంత జీతపు ఉద్యోగం వచ్చిందో అంకెలతో సహా చెబుతారు. ఆ అంకె ఒక్కరికి వచ్చినదా, తరగతిలో సగం మందికి వచ్చినదా అని అడిగేవారు అరుదు. తండ్రి మాత్రం బస్సు ఎన్ని గంటల ప్రయాణమో లెక్క వేస్తుంటాడు.

ఈ దూరం లెక్క విషయంలో ఒక అన్యాయం ఉంది. కుమారునికి కళాశాల వెతికేటప్పుడు పేరు ముందు, దూరం వెనుక. కుమార్తె దగ్గరకు వచ్చేసరికి ఆ క్రమం తలకిందులవుతుంది. భద్రత గురించిన ఆందోళన నిజమైనదే. దానిని తోసిపుచ్చడానికి వీలులేదు. అయితే భద్రతను కిలోమీటర్లతో కొలవడం పొరపాటు. వసతిగృహం ఎలా ఉంది, దానిని చూసుకునేవారు ఎవరు, రాత్రి గ్రంథాలయం నుండి గదికి వచ్చే దారిలో దీపాలున్నాయా అనేవి కొలతలు. వీటికి సమాధానం దొరికితే తిరుపతి దూరం కాదు. దొరకకపోతే హిందూపురం కూడా దగ్గర కాదు.

కళాశాల పేరును బట్టి నిర్ణయించేవారు మరొక సంగతి గమనించాలి. న్యాక్ సంస్థ కళాశాలనంతటినీ ఒక్కటిగా చూసి గుర్తింపు ఇస్తుంది. ఎన్.బి.ఎ. గుర్తింపు అలా కాదు, ఒక్కొక్క కోర్సుకు విడివిడిగా ఉంటుంది. గొప్ప పేరున్న కళాశాలలో చేరదలచిన శాఖ బలహీనంగా ఉండవచ్చు. పెద్దగా పేరులేని చోట ఇద్దరు ముగ్గురు మంచి అధ్యాపకుల వల్ల ఒక శాఖ వెలిగిపోవచ్చు. భవనాలను చూసి మురిసిపోవడం సరేసరి. అనంతపురం ఇంజినీరింగ్ కళాశాల 1946లో మొదలైనప్పుడు దానికి అనంతపురంలో చోటే లేదు. మద్రాసులోని గిండీ కళాశాల ప్రాంగణంలో నడిచి, 1948లో గాని సొంత ఊరికి రాలేదు. కనుక వీలైతే తరగతులు నడిచే రోజున వెళ్లి చూడడం మేలు. ప్రయోగశాలలో పరికరాల మీద దుమ్ము ఉందో లేదో అద్దాల అరలు దాచలేవు. రెండవ సంవత్సరం విద్యార్థిని పక్కకు పిలిచి అడిగితే, ప్రకటనల్లో లేని నిజాలు పది నిమిషాల్లో తెలుస్తాయి. రాయలసీమలోనైతే వసతిగృహంలో వేసవినాటి నీటి సంగతి కూడా అడిగి తీరాలి.

ఖర్చు విషయంలో భావావేశానికి తావులేదు. ఆంధ్రప్రదేశ్‌లో కన్వీనర్ కోటాలో చేరిన అర్హులకు ప్రభుత్వం బోధనా రుసుము చెల్లిస్తుంది. రాష్ట్రం దాటి చేరినవారికి సాధారణంగా ఆ సహాయం అందదు. సరిహద్దు గ్రామంలోని రైతుకు ఇది చిన్న తేడా కాదు. నాలుగేళ్ల రుసుము, వసతి, భోజనం, ప్రయాణాలు అన్నీ ఒక కాగితం మీద వేసుకుని చూడాలి. మొదటి సంవత్సరం మాత్రమే లెక్కించి చేర్పించి, మూడవ సంవత్సరంలో పొలం తాకట్టు పెట్టిన కుటుంబాలు ఈ సీమలో ఉన్నాయి.

ఇంతవరకు చెప్పినది ఏది ఎంచుకోవాలన్న సంగతి. ఎంచుకోని వాటిని ఏం చేయాలన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. దాని గురించి ఎవరూ మాట్లాడరు. మూడు సీట్లు చేతిలో ఉన్న విద్యార్థిని కూర్చోగలిగేది ఒక్క బల్ల మీదనే. మిగిలిన రెండింటి వెనుక ఇద్దరు నిరీక్షిస్తుంటారు.

ఈ చిక్కు కొత్తది కాదు. 1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అనే ఇద్దరు గణితశాస్త్రజ్ఞులు కళాశాల ప్రవేశాల మీదనే ఒక చిన్న వ్యాసం రాశారు. విద్యార్థి తన ఇష్టాల క్రమాన్ని తెలుపుతాడు. కళాశాల తనకు వచ్చిన దరఖాస్తులలో మేలైనవాటిని తాత్కాలికంగా పట్టి ఉంచి, ఇంకా మేలైనవి వస్తే పాతవాటిని వదులుతుంది. కదలిక అంతా ఆగిన తరువాతే సీట్లు స్థిరపడతాయి. ఈ పద్ధతిలో విద్యార్థి తన ఇష్టాలను దాచి, మార్చి చెప్పడం వల్ల లాభం లేదని తరువాతి పరిశోధకులు నిరూపించారు. ఈ తరహా కృషికే 2012లో షాప్లీకి, ఆల్విన్ రోత్‌కు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. 2015 నుండి ఐ.ఐ.టి., ఎన్.ఐ.టి. సీట్లను ఒకే వేదిక మీద పంచుతున్న విధానం ఈ ఆలోచనకు చుట్టమే. అంతకుముందు రెండింటికీ వేర్వేరుగా ప్రవేశాలు జరిగి, ఒకచోట చేరినవారు మరొకచోటికి వెళ్లిపోతే సీట్లు ఖాళీగా మిగిలేవి.

1986లో ఎంసెట్‌గా మొదలై, 2021 నుండి ఈఏపీసెట్‌గా పిలువబడుతున్న పరీక్ష విషయంలోనూ ఐచ్ఛికాల జాబితా రాసేటప్పుడు ఈ సూత్రం గుర్తుంచుకోదగినది. అక్కడ ర్యాంకు క్రమంలో ఒక్కొక్కరికి వారి జాబితాలో పైనుండి లభ్యమైన సీటు దక్కుతుంది. రాదేమోనన్న భయంతో ఇష్టమైన కళాశాలను కిందికి నెట్టి, రాగలదనుకున్న దానిని పైన పెట్టేవారు తమకు తామే నష్టం చేసుకుంటున్నారు. పైన రాసినది రాకపోయినంత మాత్రాన కిందిది చేజారదు.

అయితే ఏ వేదిక నియమాలు ఆ వేదికవే. ఇంజినీరింగ్, ఐసర్, ప్రైవేటు కళాశాల, పక్క రాష్ట్రం – వీటిని కలిపి చూసే యంత్రం ఏదీ లేదు. అక్కడ విద్యార్థిని మనస్సే ఆ పని చేయాలి. ‘చివరి రోజు దాకా అన్నీ ఉంచుకుందాం, పోయేదేముంది’ అనే మాట ప్రతి ఇంటా వినిపిస్తుంది. పోయేది ఉంది. తుది విడత ముగిశాక వదిలిన సీటు మరొక అర్హునికి క్రమపద్ధతిలో చేరదు. ఖాళీగా మిగులుతుంది, లేదా చివరి నిమిషపు ప్రవేశాలకు పోతుంది. అలా చేరినవారికి సాధారణంగా బోధనా రుసుము సహాయం వర్తించదు. ఒక ఇంటి జాగ్రత్త మరొక ఇంటి అప్పుగా మారడమంటే ఇదే.

కట్టిన సొమ్ము పోతుందనే భయం వల్లనే చాలామంది సీటును వదలరు. ఈ భయంలో సగం తెలియనితనం. 2018 అక్టోబరులో విశ్వవిద్యాలయ నిధుల సంఘం ప్రకటించిన నిబంధనల ప్రకారం, ప్రవేశాల తుది తేదీకి 15 రోజులు లేదా అంతకు ముందే ఉపసంహరించుకుంటే, స్వల్పమైన నిర్వహణ ఖర్చు మినహా రుసుము మొత్తం తిరిగి ఇవ్వాలి. ఆ 15 రోజుల లోపలైతే 90 శాతం, తుది తేదీ దాటాక 15 రోజుల వరకు 80 శాతం, 30 రోజుల వరకు 50 శాతం. ఆపైన ఏమీ రాదు. అంటే ముందుగా వదిలినవారికే నియమం అనుకూలం. అసలు ధ్రువపత్రాలను సరిచూసి తిరిగి ఇచ్చివేయాలే గాని, కళాశాల తన దగ్గర అట్టిపెట్టుకోరాదని కూడా ఆ నిబంధనలే చెబుతున్నాయి. పత్రాలు ఇవ్వనంటే రాతపూర్వకంగా అడిగి, ఆ కాగితం నకలు దాచుకోవాలి. నోటి మాటగా అడిగి వెనుదిరిగే తండ్రులనే కార్యాలయాలు పదిసార్లు తిప్పుతాయి.

ఆ రైతు కుమార్తె చివరకు తిరుపతిని ఎంచుకుందనుకుంటే, ఆమె చేయవలసిన పనులు రెండు మిగిలి ఉంటాయి. బెంగళూరు కళాశాలకు ఉపసంహరణ పత్రం రాసి రసీదు తీసుకోవాలి. అనంతపురంలోని సీటును తరువాతి విడత మొదలయ్యేలోగా రద్దు చేసుకోవాలి. పత్రం మీద ఆమె సంతకం పడిన కొద్ది రోజులకు, ఆమె ఎన్నడూ చూడని ధర్మవరంలోని ఒక నేత కార్మికుని ఇంట ఆ సీటు కేటాయింపు సందేశం ఫోనులో మోగవచ్చు.