మణికట్టు పట్టీ కట్టుకోవాల్నా?



మర్రిగూడలో స్పిన్ వేసే మా పోరగాళ్లు ఈమధ్య మణికట్టుకు పట్టీ బిగించుకొని గ్రౌండ్‌లోకి దిగుతున్నరు. మేమైతే వద్దంటున్నం. లెగ్‌స్పిన్ తిరిగేదే మణికట్టుతోని. దాన్నే కట్టేస్తే బంతి ఏం తిరుగుతది? రూల్ కూడా ఉంది: బౌలింగ్ చేసే చేతికి ఏదన్నా చుట్టుకోవాలంటే అంపైర్ అనుమతి కావాలె. 2023లో నాగ్‌పూర్ టెస్టులో జడేజా అడగకుండ వేలికి క్రీమ్ రాసుకున్నందుకే మ్యాచ్ ఫీజుల 25 శాతం కోత పడ్డది.

మా అసలు భయం వేరే. మనది ఫ్లోరైడ్ నేల. ఎముకలు వంగిపోయిన పెద్దోళ్లను చూసుకుంటనే పెరిగినం. ఇక్కడ కీళ్ల నొప్పిని ఆట నొప్పే అనుకొని పట్టీ కింద దాచొద్దు. కొన్ని రోజులు బాల్ పక్కన పెట్టండి, తగ్గకపోతే డాక్టర్‌కు చూపించండి. ఆయన కట్టుకోమంటే కట్టుకుందాం, సిగ్గేం లేదు. హాస్టల్ల చిన్న తమ్ముళ్లకు కూడా ఈ ముచ్చట చెప్పండి.