మంచి కారు ఎందుకు అమ్ముడుపోదు?

హాస్టల్లో కార్ల మీద వాదన మొదలైతే చివరికి ఎవరో ఒకరు "మనవాళ్ళకి టేస్టు లేదు రా" అని తేల్చేస్తారు. ఫియట్ లీనియా, టొయోటా యారిస్ లాంటి మంచి సెడాన్లు మన దేశంలో వెనకబడిపోవడానికి అదే కారణమట. ఈ మాట నేను ఒప్పుకోను. కొనేవాళ్ళు లెక్కలు బాగానే వేస్తారు. ఆ లెక్కలేంటో మనం అడగడం లేదు, అంతే.

ముందు లీనియా సంగతి చూద్దాం. 2009లో వచ్చింది. చూడ్డానికి అందంగా ఉంటుంది. డీజిల్ మోడల్‌లో 1.3 లీటర్ల మల్టీజెట్ ఇంజను. 2014లో వచ్చిన మారుతి సియాజ్ డీజిల్‌లో ఉన్నది కూడా, ఫియట్ దగ్గర లైసెన్సు తీసుకుని మారుతి తయారుచేసిన ఆ 1.3 ఇంజనే! అయినా సియాజ్ బాగా అమ్ముడైంది, లీనియా అవ్వలేదు. ఇంజను ఒకటే అయినప్పుడు తేడా బండి బయట ఎక్కడో ఉండాలి కదా. లీనియాని కొన్నేళ్ళు టాటా షోరూముల్లో పక్క వరసలో పెట్టి అమ్మారు. మారుతి సర్వీసు మాత్రం చిన్న టౌన్లో కూడా దొరుకుతుంది. బస్టాండు పక్క షెడ్డులో మెకానిక్‌కి స్విఫ్ట్ డీజిల్ చేయి తిరిగిన పని. పార్టు ఎక్కడ దొరుకుతుంది, ఐదేళ్ళకి అమ్మితే ఎంతొస్తుంది అన్న ప్రశ్నలకి సియాజ్ దగ్గర జవాబు ఉంది.

ఇంకో లెక్క ఇంధనానిది. 2010 జూన్‌లో పెట్రోలు ధర మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశారు, డీజిల్ మీద ఉంచారు. 2012 మే నాటికి ఢిల్లీలో లీటరు పెట్రోలు 73 రూపాయలు, డీజిల్ 41. నెలకి 1,000 కిలోమీటర్లు తిరిగే ఇల్లు అనుకోండి. పెట్రోలు బండి లీటరుకి 13, డీజిల్ బండి 17 ఇస్తాయనుకుంటే, నెల ఖర్చు ఒకదానికి 5,600, రెండోదానికి 2,400. ఏడాదికి 38,000 పైనే మిగులుతుంది. డీజిల్ బండికి లక్ష ఎక్కువ పెట్టినా మూడేళ్ళలోపు తిరిగొచ్చేస్తుంది. అప్పుడు హోండా సిటీకి డీజిల్ లేదు, హ్యుందాయ్ వెర్నాకి ఉంది. జనం వెర్నా వైపు వెళ్ళారు. 2014 జనవరిలో సిటీకి డీజిల్ వచ్చాక మళ్ళీ పుంజుకుంది. ఈ మధ్యలో జనం టేస్టు ఏమీ మారలేదండీ, బంకులో ధర మారింది.

యారిస్‌కి తగిలింది కూడా ఇలాంటి దెబ్బే. 2018లో వచ్చింది, 2021 సెప్టెంబరులో ఆపేశారు. టొయోటాకి పేరు లేదా అంటే, ఇన్నోవా మన రోడ్ల మీద రాజు. అమెరికాలో క్యామ్రీ ఏళ్ళ తరబడి అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన సెడాన్. కానీ యారిస్‌కి డీజిల్ లేదు, అప్పటి సిటీకి, వెర్నాకి, సియాజ్‌కి ఉంది. పవర్ 107 హార్స్‌పవర్, పెట్రోలు సిటీది 119, వెర్నా 1.6ది 123. ధర 8.75 లక్షల నుంచి మొదలు. అదే ఏడాది కొత్త రూపంలో వచ్చిన సియాజ్ 8.19 నుంచే దొరికింది.

పైగా పోటీ సెడాన్ల మధ్యే ఆగలేదు. 2006 నుంచి 4 మీటర్ల లోపు చిన్న కార్లకి పన్ను తక్కువ. అందుకే 2012లో స్విఫ్ట్ డిజైర్ డిక్కీని కుదించి 3,995 మిల్లీమీటర్లకి తెచ్చారు. 2017 సెప్టెంబరు తర్వాత చిన్న పెట్రోలు కారుకి జీఎస్‌టీ, సెస్సు కలిపి 29 శాతం, మిడ్‌సైజు సెడాన్‌కి 45 శాతం. పన్నుకి ముందు ధర 8 లక్షలైతే తేడా 1.28 లక్షలు. 2025 సెప్టెంబరు నుంచి ఆ రేట్లు 18, 40. అంటే తేడా ఇంకా పెరిగింది. పన్ను తక్కువ, సీటు ఎత్తు, స్పీడు బ్రేకరుకి కింద తగలని చిన్న ఎస్‌యూవీ ఎదురుగా ఉంటే, ఇంట్లో పెద్దవాళ్ళు మోకాళ్ళు వంచి సెడాన్‌లోకి దిగుతారా?

ఇంతవరకూ నేను కొనేవాళ్ళ పక్షమే. అయితే ఈ లెక్కల్లో ఒక ఖాళీ ఉంది. యారిస్ వచ్చినప్పుడు ప్రతి వేరియంట్‌లోనూ 7 ఎయిర్‌బ్యాగులు ఇచ్చారు, కింది వేరియంట్‌తో సహా. అది అమ్మకాలని నిలబెట్టలేకపోయింది. మైలేజీ నెలనెలా చేతికి తెలుస్తుంది. ఎయిర్‌బ్యాగు పనికొచ్చే రోజు మనకి రాదులే అనుకుంటాం. ఇదొక్కటీ మార్కెట్టుకి వదిలేయకూడదు అంటాను. డ్రైవరు ఎయిర్‌బ్యాగు 2019 జులై నుంచి తప్పనిసరి అయింది, పక్క సీటుది 2021 నుంచి. వెనక కూర్చునే అమ్మానాన్నల సంగతి కూడా రూలులో ఉండాలి. 2023 అక్టోబరులో భారత్ ఎన్‌క్యాప్ మొదలయ్యాక క్రాష్ టెస్టు ఫలితం స్టార్ల రూపంలో దొరుకుతోంది. వర్టస్, స్లావియా, వెర్నా గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో 5 స్టార్లు తెచ్చుకున్నాయి. ఇలా ఒక అంకె కంటికి కనిపిస్తే మైలేజీ పక్కన దాన్ని కూడా పెట్టి చూడగలుగుతాం.

మెకానికల్ వాళ్ళైనా, మరే బ్రాంచి వాళ్ళైనా, రేపు మనం ఏదో ఒకటి తయారుచేస్తాం. మినీ ప్రాజెక్టు రిపోర్టులో ఎఫిషియెన్సీ గ్రాఫులు పది పెడతాం కదా, వాటితో పాటు ఒక్క పేజీ కలపండి: ఇది ఎవరు కొంటారు, నెలకి వాళ్ళకి ఎంత ఖర్చు, పాడైతే ఎవరు బాగుచేస్తారు. వైవాలో ఎవరూ అడగకపోవచ్చు. కొనేవాళ్ళు మాత్రం మొదట అడిగేవి అవే.