‘డౌన్‌లోడ్ చేస్తే వస్తుంది కదా’ అనకండి

మా ఉయ్యూరు నుంచి బందరు రోడ్డు బస్సులో రోజూ కాలేజీకి వెళ్లొచ్చిన అమ్మాయి ఒకరు, ఫైనలియర్ ప్రాజెక్టుగా, లినక్స్‌లో మన ఆదేశాలు అందుకునే బాష్ షెల్‌ను సోర్స్ కోడ్ నుంచి కంపైల్ చేసి, డెబియన్ లినక్స్‌కు సరిపడే ప్యాకేజీగా కట్టి పట్టుకెళ్లింది. వైవాకి వచ్చినాయన తెర వంక చూసి, ‘‘ఇది డౌన్‌లోడ్ చేస్తే వస్తుంది కదమ్మా, ఇందులో నువ్వు చేసిందేముంది?’’ అన్నాడు. ఆ మాట నాకింకా మింగుడుపడటం లేదు.

చేసిందేముందో నేను చెబుతాను. కాన్ఫిగర్ స్క్రిప్టు చిన్న చిన్న ప్రోగ్రాములు కంపైల్ చేసి చూస్తూ, ఈ మిషన్‌లో ఏ ఫంక్షన్ ఉంది, ఏది లేదని ఆరా తీస్తుంది. దాని ఫిర్యాదులు చదివి అర్థం చేసుకోవాలి. బాష్‌కు సవరణలు ఒక్కొక్కటీ విడి ప్యాచ్‌గా వస్తాయి. వాటిని వరస తప్పకుండా వేయాలి. తర్వాత మేక్, ఆపైన పరీక్షలు. అసలు కష్టం అక్కడే మొదలు. ‘మేక్ ఇన్‌స్టాల్’ నేరుగా కొడితే ఫైళ్లు సిస్టమ్‌లో చెల్లాచెదురుగా పడతాయి, ఏవి ఎక్కడ పడ్డాయో ప్యాకేజీ మేనేజర్‌కు తెలియదు. అందుకే ముందు విడి డైరెక్టరీలోకి దించి, ఏ ఫైలు ఎక్కడికి పోవాలో, ఏ లైబ్రరీ ఏ వెర్షన్ ఉండాలో రాసిపెట్టాలి. చెల్లుబాటయ్యే షెల్స్ జాబితాలో పేరు చేర్చకపోతే మామూలు యూజరు దాన్ని లాగిన్ షెల్‌గా పెట్టుకోలేడు. పైగా డెబియన్‌లో బాష్‌కు ‘ఎసెన్షియల్’ ముద్ర ఉంది. అది చెడితే ఎన్నో స్క్రిప్టులు దానితోపాటే పడిపోతాయి.

కేసీపీ చక్కెర ఫ్యాక్టరీ ఉన్న ఊరు మాది. చెరకు గడ పంచదార బస్తా కావడానికి ఎన్ని చేతులు పడాలో మాకు ఒకరు చెప్పక్కర్లేదు. ప్యాకేజీ కట్టే పని దగ్గరికొచ్చేసరికి ఆ చేతులు ఎందుకు కనపడవు?

ఆ చేతుల విలువేమిటో 2014 సెప్టెంబరులో షెల్‌షాక్ బయటపడ్డప్పుడు తెలిసింది. బాష్‌లో పాతికేళ్లుగా ఎవరి కంటా పడని లోపం అది. దాని గుండా సర్వర్లలోకి బయటివాళ్లు చొరబడగలిగేవారు. మొదటి సవరణ చాలలేదు. మళ్లీ ప్యాచ్, మళ్లీ కంపైల్, మళ్లీ ప్యాకేజీ. డెబియన్, రెడ్ హ్యాట్ ప్యాకేజర్లు ఆ రోజుల్లో కొత్త ప్యాకేజీలు కట్టి పంపబట్టే లెక్కలేనన్ని సర్వర్లు నిలబడ్డాయి. వాళ్లలో ఒక్కరి పేరైనా మన క్లాసు పుస్తకాల్లో ఉందా? 1989లో బ్రయన్ ఫాక్స్ రాసిన ఈ షెల్‌ను దశాబ్దాలుగా సాకుతున్న చెట్ రేమీ పేరు యునిక్స్ ల్యాబ్ రికార్డులు నింపే పిల్లల్లో ఎందరు విన్నారు? ఫిబొనాచీ స్క్రిప్టు బట్టీపట్టించి పంపేస్తున్నాం. ఉద్యోగాలిచ్చేవాళ్లు కూడా వెబ్‌సైటు చూపించమంటారేగాని, ప్యాకేజీ కట్టావా అని అడగరు. పిల్లలు మార్కులు పడే వైపే పోతారు; వాళ్లను అని ఏం లాభం?

అయ్యా, అధ్యాపకులారా, ఈ పనికి సిలబస్‌లో చోటివ్వండి. పూర్తి ప్యాకేజీ కట్టి, ప్యాకేజీలను తనిఖీ చేసే లింటియన్ తప్పులు పట్టకుండా నెగ్గించిన విద్యార్థికి ప్రాజెక్టు మార్కులు పూర్తిగా వేయండి. ఇంకో మాట: బాష్ 5.2తో వచ్చే అనువాద ఫైళ్లలో ఐరిష్ ఉంది, గలీసియన్ ఉంది, ఎస్పరాంటో కూడా ఉంది. తెలుగు లేదు. ఆ ఒక్క ఫైలు తెలుగులో రాసి, షెల్‌ను మళ్లీ కంపైల్ చేసి, ప్యాకేజీలో పెట్టి చూపించే పనిని వచ్చే ఏడాది ప్రాజెక్టుల జాబితాలో చేర్చండి. చేసే పిల్లలు మా ఊళ్లోనే ఉన్నారు.