పసిపిల్లల యింటిపని

కేంద్రప్రభుత్వమువారు 2020వ సంవత్సరమున వెలువరించిన బడిసంచి విధానములో ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఇంటిపని యేమియు నీయరాదనియు, మూడు మొదలు ఐదు వఱకు గల తరగతులవారికి వారమునకు రెండుగంటలకు మించి యీయరాదనియు వ్రాయబడియున్నది. దినమునకు రెండుగంటలు కాదు, వారమునకు రెండుగంటలు. బిడ్డలను బడికి బంపు మన పాఠకులు ఈ వాక్యమును మఱియొకసారి చదువుకొని, నిన్నటిరాత్రి తమ యింట నేమి జరిగినదో జ్ఞాపకము చేసికొందురుగాక. మూడవ తరగతి బిడ్డ రాత్రి తొమ్మిదిగంటలకు గూడ పుస్తకము ముందర కూర్చుండి ఱెప్పలు వాల్చుచుండగా, తల్లి ప్రక్కన జేరి "ఇంకొక్క పుట వ్రాయి నాయనా, ఆ మీదట పడుకొందువుగాని" యని బ్రతిమాలుట మన పట్టణములలో నరుదైన సంగతియా?

ఈ విషయము క్రొత్తగా పుట్టినది కాదు. 1986లో రాజ్యసభకు నియమింపబడిన రచయిత ఆర్. కె. నారాయణ్ గారు ఆ సభలో పసివాండ్ర వీపులమీది పుస్తకముల మోతను గూర్చి మాటాడి పెద్దల నాలోచింపజేసిరి. 1992లో ఆచార్య యశపాల్ గారి యధ్యక్షతను నియమింపబడిన సంఘమువారు మఱుసటి సంవత్సరము సమర్పించిన నివేదికలో, ప్రాథమిక తరగతులకు ఇంటిపని వలదనియు, ఇచ్చినయెడల అది యింటి పరిసరములను పిల్లలు తామై పరిశీలించుటకు సంబంధించినదియే కావలెననియు చెప్పిరి. 2018లో మద్రాసు ఉన్నతన్యాయస్థానము ఒకటి, రెండు తరగతులకు ఇంటిపని కూడదని యాజ్ఞాపించెను. ఆ సంవత్సరము నవంబరులో కేంద్రప్రభుత్వము ఆ మాటనే రాష్ట్రములకు తెలియజేసెను. ఇన్నిమార్లు చెప్పబడిన మాట యిన్నిమార్లును కాగితముమీదనే నిలిచిపోయినది.

కారణమేమి? ఉపాధ్యాయులను నిందించుట సులభము. ప్రయివేటు బడుల యజమానులను నిందించుట మఱింత సులభము. కాని బిడ్డను బడిలో జేర్చుటకు బోయి "ఇంటికి పని బాగుగా నిత్తురా?" యని యడుగువారము మనమే. నోటుపుస్తకములు నిండుటయే చదువని నమ్మి రుసుము చెల్లించు తండ్రియుండగా వానిని నింపింపని యజమాని యెవడు? అమ్మువానియందు దోష మున్నమాట నిజమే. కొనువాని దోషము దానికంటె తక్కువది కాదు.

ఇంతకు నీ పనివలన ఫలమెంత? అమెరికాదేశమునందు డ్యూక్ విశ్వవిద్యాలయమునకు జెందిన హారిస్ కూపర్ గారును వారి సహచరులును 2006లో అనేక పరిశోధనలను సమీక్షించి ప్రకటించిన వ్యాసములో, ఇంటిపనికిని చదువులోని ముందంజకును గల సంబంధము పై తరగతులలో గట్టిగా గానవచ్చినను చిన్నతరగతులలో మిక్కిలి బలహీనమని తేల్చిరి. అభ్యాసమే యక్కఱలేదని మేమనుట లేదు. ఎక్కములు నోటికి రావలెనన్న వల్లెవేయక తప్పదు. గుణింతము చేతికి రావలెనన్న దిద్దక తప్పదు. అయితే యొకే పాఠమును నాలుగుమార్లు చూచివ్రాయుటలో అలవడునది చేతినొప్పి మాత్రమే.

పూర్వపు వీథిబడులను గూర్చి బళ్లారి కలెక్టరు కాంబెల్ దొర 1823లో వ్రాసిన నివేదికయం దొక విశేషము గలదు. ఉదయము బడికి మొట్టమొదట వచ్చిన పిల్లవాని యఱచేతిలో గౌరవసూచకముగా సరస్వతి నామమును వ్రాయుచుండిరట. రెండవవానికి సున్న చుట్టుచుండిరట. మూడవవాడు మొదలుకొని దెబ్బలు! వ్రాత నేర్చుట యిసుకలో వ్రేలితో ప్రారంభమగుచుండెను. పెద్దపిల్లలు చిన్నవారికి చెప్పుచుండిరి. ఈ పద్ధతిని ఆయన మెచ్చుకొనెను. ఆ బడులు మరల రావలెనని కోరుట మా యుద్దేశము కాదు. వానిలో బాలికలకు జోటు మిక్కిలి తక్కువ. అనేకకులముల బిడ్డలకు గడపయే దుర్లభము. బెత్తమునకు మాత్రము కొదువలేదు. అయినను నేర్పుట గురువు పని, నేర్చుట గురువు కన్నులయెదుట జరుగు పని, అను నొక న్యాయము వానియందుండెను. నేడు బడిలో పాఠము నొప్పజెప్పి దానిని నేర్పించు భారమును సంచిలో బెట్టి యింటికి బంపుచున్నారు.

ఇంటిలో నా భారమును మోయువా రెవరు? చదివిన తల్లి యున్నచోట తల్లి మోయును. కలిగినవారింట ట్యూషనుమాష్టరు మోయును. గ్రామములలో ఒకటి మొదలు ఎనిమిది వఱకు తరగతులు చదువు పిల్లలలో రుసుమిచ్చి ట్యూషనుకు బోవువారు 2018లో నూటికి 26 మందికి పైగా నుండగా 2022 నాటికి 30 మందికి మించిరని 'అసర్' నివేదిక చెప్పుచున్నది. మఱి నాట్లకు బోయి చీకటిపడి యిల్లుచేరిన తల్లి, బేల్దారి పనినుండి వచ్చిన తండ్రి, వీరి బిడ్డ సంగతి యేమి? అందునను పుస్తకము ఇంగ్లీషున నున్నప్పుడు ఆ తల్లిదండ్రులు తమ బిడ్డ యేమి చదువుచున్నాడో కూడ నెఱుగజాలరు. సాధ్యమైనచోట కనీసము ఐదవ తరగతి వఱకు ఇంటిభాషలో బోధింపవలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానము చెప్పిన మాటకు గల కారణములలో నిదియు నొకటియని మా తలంపు. పని చేయక బడికి వచ్చిన యా బిడ్డను మఱునాడు బల్లపై నిలువబెట్టుచున్నారు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ విభాగము పిల్లలను కొట్టుటనే గాక మనస్సు నొప్పించి వేధించుటను గూడ నిషేధించినది. బిడ్డ చేసిన నేరమెల్ల చదువురాని యింట బుట్టుటయే గదా!

కలిగినవారింటి సంగతియు అంత మేలుగా లేదు. బడివా రడిగిన అట్టముక్కల గుడిసెలు, థర్మాకోలు కోటలు తండ్రులు రాత్రి మేలుకొని కట్టుచున్నారు. కొందఱు దుకాణములలో సిద్ధముగా గొనితెచ్చుచున్నారు. మంచి బహుమానము ఏ బిడ్డ తండ్రికి వచ్చునోయని పోటీ! తప్పైన లెక్కను తల్లి చెఱిపి సరిదిద్ది పంపుచున్నది. ఆ లెక్క తప్పుగానే బడికి బోవలెను. ఉపాధ్యాయునికి దాని మూలమున పిల్లవాడెచ్చట తడబడుచున్నాడో తెలియును. తల్లి చేతివ్రాతతో నిండిన పుస్తకమును జూచి ఆయన తెలిసికొనగల దేమున్నది? అరగంట కూర్చుండియు బిడ్డ చేయలేకపోయినచో "ఇంతవఱకు ప్రయత్నించినాడు, అర్థము కాలేదు" అని తెలుగున నొక వాక్యము వ్రాసి పుస్తకము మూయించుట మేలు. అట్టి చీటిని జూచి కోపించు ఉపాధ్యాయుడు తన వృత్తిధర్మము నెఱుగనివాడు.

తల్లిదండ్రులు చేయదగినది వేఱుగా నున్నది. దినమునకు పది పదునైదు నిమిషములు బిడ్డ పైకి చదువుచుండగా వినుట వానిలో ముఖ్యము. దీనికి చదువు రానక్కఱలేదు. చదివిన కథను తిరిగి తన మాటలలో చెప్పుమని చదువురాని నాయనమ్మయు నడుగగలదు. వాడు చెప్పజాలకపోయిన వానికి బోధపడలేదని ఆమెయే మొదట గనిపెట్టును. లెక్కలకు మన యిండ్లలో నున్నంత సామగ్రి యే పుస్తకమున నున్నది? అంగడికి బంపి చిల్లర లెక్కజెప్పుమనుడు. పాలు కొలుచుచున్నప్పుడు లీటరులో నెన్ని గ్లాసులో చూపుడు. భూవసతి గలవారు బిడ్డను గట్టువెంబడి నడిపించి, ఎకరమునకు నూఱు సెంట్లయినప్పుడు ఇరువదియైదు సెంట్ల మడి యెకరములో నెన్నవవంతు అని యడుగవచ్చును. తెలంగాణమువారు నలువది గుంటలతో నా లెక్కయే చేయింతురు. యశపాల్ గారి సంఘము కోరిన యింటిపరిసరముల పరిశీలన యిట్టిదే.

ఇంక వేళయు, చోటును. సాయంకాలము బిడ్డ యాడుకొని వచ్చిన తరువాత నొక నియతమైన వేళ; ఆ వేళకు టెలివిజను ఆగవలెను, తండ్రి చేతిలోని సెల్‌ఫోనుకూడ. బిడ్డను చదువుమని తాము తెఱలు చూచుచు గూర్చున్నయెడల ఆ యాజ్ఞకు విలువ యుండదు. వేళకు నిద్ర మఱువరాదు. నిదురలేని బిడ్డ మఱునాడు తరగతిలో కునుకుచుండును, అప్పటి పాఠము మరల నింటిపనియై తిరిగివచ్చును.

బడులతో మాటాడుటకు మనకు హక్కు లేకపోలేదు. విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వపాఠశాలల యాజమాన్యసంఘములలో నాలుగింట మూడుపాళ్లు తల్లిదండ్రులు, సంరక్షకులే యుండవలెను. ఉపాధ్యాయులు వారితో క్రమముగా సమావేశమై పిల్లల ప్రగతిని దెలుపవలెను. ఉపాధ్యాయులు ప్రయివేటు ట్యూషనులు చెప్పరాదని 28వ విభాగము చెప్పుచున్నది. వారమునకు రెండుగంటల నియమమును ఈ సమావేశములలో నెత్తి యడిగినవా రరుదు. ప్రయివేటుబడులలోనైనను తండ్రులు పదిమంది కలిసి యడిగిన కాదనువారుండరు. రుసుము వారిదే గదా.

ఇంట చెప్పువారు గాని, కూర్చుండ చోటుగాని లేని బిడ్డలకు ఈ యుపాయములన్నియు చాలవు. ఇందుకు మన దేశమున నొక సాధనము సిద్ధముగా నున్నది. 1914లో బెజవాడయందు గ్రంథాలయసభ జరిగిన నాటినుండి మన పెద్దలు ఊరూర పుస్తకశాలలు నెలకొల్పిరి. 1918లో స్థాపింపబడిన వేటపాలెపు సారస్వత నికేతనము వానిలో నొకటి. నేడు మన యింటిపన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయపు పన్ను వసూలగుచున్నది. శాఖాగ్రంథాలయములు పెక్కు సాయంకాలము తెఱచియుండును. వానిలో వార్తాపత్రికలు చదువు పెద్దలేగాని పిల్లలు గానరారు. ఒక గదిలో జంపకానము, మంచి దీపము, గంటసేపు కనిపెట్టి యుండుటకు విశ్రాంతి పొందిన యుపాధ్యాయు డొకడు, ఇవి యేర్పడినచో చదువురాని యింటి బిడ్డయు తన పాఠము నడిగి తెలిసికొని యింటికి బోవచ్చును. పన్ను చెల్లించువారుగా మన పాఠకులు ఈ మాట తమ జిల్లా గ్రంథాలయసంస్థవారికి నేడే వ్రాయవచ్చును. ఊరి విశ్రాంతోపాధ్యాయుని తామే వెళ్లి పిలువవచ్చును.