స్వర్గపులోయలో ఒక పగలు

దక్షిణ అమెరికా పడమటి తీరమున చిలీ దేశపు రేవుపట్టణమైన వల్పరైసోలో మా యోడ యొక్క పగలు మాత్రమే నిలిచెను. ఉదయమున దిగి, సాయంకాలము 5 గంటలకు మరల నెక్కవలయును. ఆ పేరునకు స్వర్గపులోయ యని యర్థము. కాని యందు లోయకంటె కొండలే హెచ్చు. సముద్రమునకును కొండలకును నడుమ సన్నని చదునునేల కలదు. కచేరీలు, బ్యాంకులు, అంగళ్లు అందే. కాపురములు మాత్రము 40కి పైబడిన కొండలమీద. ఇండ్ల గోడలకు ముడుతల యినుపరేకులు తాపి, ఒక్కొక్కదానికి నొక్కొక్క రంగు పూసినారు. ఓడమీదినుండి చూడగా మాకు బొమ్మలకొలువు మెట్లు జ్ఞప్తికి వచ్చినవి.

1914లో పనామా కాలువ తెఱచువఱకు, ఖండపు దక్షిణపుకొనను చుట్టివచ్చు నోడలు ఇచ్చట నాగెడివి. పిదప ఆ బేరము సన్నగిల్లినది. 1906 నాటి భూకంపము అంతకుముందే వేలకొలది ప్రాణములు గొన్నది. 2003లో యునెస్కోవారు పాతపేటను ప్రపంచ వారసత్వ స్థలముగా నెంచిరి.

కొండ యెక్కుటకు 'అసెన్సోర్' అను పెట్టెలు గలవు. ఏటవాలు పట్టాలమీద రెండు పెట్టెలను ఉక్కుతాడు కలుపును. ఒకటి దిగునపుడు రెండవది యెక్కును. గిలకబావిలో రెండు చేదలతో నీరు తోడినట్లే. మొదటిదానిని 1883లో కట్టిరి. ఒకప్పుడు 30 వఱకు నుండెడివి. నేడు మిగిలినవి సుమారు సగము, అందును కొన్ని మరమ్మతుకై మూతపడి యుండును. మేము 1902 నాటి 'ఎల్ పెరల్' నెక్కితిమి. పలకలు కిఱ్ఱుమనుచుండగనే పైకి చేరితిమి.

వేఱొకచోట మూతపడిన పెట్టె ప్రక్కనున్న మెట్లదారిలో నొక వృద్ధురాలు, రెండు చేతులను సంచులతో, పది మెట్లకొకసారి నిలిచి యూపిరి తీసికొనుచు నెక్కుచుండెను. మావారు సంచి యందుకొనబోగా నవ్వి తల యడ్డముగా నూపినది. చూడవచ్చినవారికి ఆ పెట్టె వినోదము. కొండమీది యిల్లాలికి రొట్టెయు బంగాళాదుంపలును ఇల్లు చేరు దారి యదియే. ఛాయాచిత్రములు తీసికొనువారిలో నెందఱు దీనిని తలచిరో!

2014 ఏప్రిలులో ఈ కొండలమీద అగ్ని చెలరేగి రెండువేలకు మించిన యిండ్లు కాలినవి. దేశములోని మొదటి అగ్నిమాపకదళము 1851లో ఇచ్చటనే యేర్పడినది. ఆ పని చేయువారు నేటికిని జీతము పుచ్చుకొనరు.

మధ్యాహ్నము 'ఎంపనాద' తింటిమి. ఆకారము మన కజ్జికాయదే. కాని 'పీనో' యన్నచో లోపల గొడ్డుమాంస ముండును. శాకాహారులు 'కేసో' యని యడిగి చీజు కూరినది తీసికొనవలెను. అంగడామె తిరిగి యిచ్చిన 5,000 పెసోల నోటుమీద నొక స్త్రీ ముఖముండెను. ఎవరని వ్రేలితో చూపగా, ఆమె "మాయెస్త్రా" యని యెంతో గౌరవముతో పలికినది. ఉపాధ్యాయిని యని యర్థము. బడిపంతులుగారి కుటుంబము గదా, మాకు కలిగిన సంతోషము చెప్పనక్కఱలేదు!

ఆమె గాబ్రియేలా మిస్త్రాల్. 1889లో ఉత్తరమున ఎల్కీ లోయలో పుట్టినది. పంతులైన తండ్రి యామె పసితనముననే యిల్లు విడిచిపోయెను. ఉపాధ్యాయినియైన అక్కయే చదువు చెప్పినది. పదునైదవ యేటనే సహాయోపాధ్యాయినియై, 1922లో మెక్సికో ప్రభుత్వము విద్యాసంస్కరణకు రమ్మని పిలుచునంతటి పేరు గడించినది. మన రవీంద్రులు 1913లో ఆసియాకు మొదటి నోబెల్ సాహిత్య బహుమానము తెచ్చినట్లు, 1945లో లాటిన్ అమెరికాకు మొదటిసారి తెచ్చిన దీమెయే. స్వదేశపు జాతీయ సాహిత్య బహుమానము మాత్రము 1951లో గాని యీయలేదు. పెరటిచెట్టు వైద్యమునకు రాదను సామెత అచ్చటను చెల్లుచున్నది కాబోలు!

ఈ యూర యాత్రికులను కవి పాబ్లో నెరూడా కొండయింటికి తీసికొనిపోవుదురు. ఆయనకు నోబెల్ వచ్చినది 1971లో. ఆ యింటి కిటికీలనుండి సముద్రము మిక్కిలి చక్కగా కనబడును. కాని మాకు దారిచూపిన పడుచు అంతవఱకు ఉపాధ్యాయిని మాట యెత్తనేలేదు. మేము నోటు చూపి యడిగితిమి. ఆమె ముఖము వికసించినది. మిస్త్రాల్ పిల్లలకై వ్రాసిన గేయములను బడిలో నేర్చుకొంటినని చెప్పి, రేవునకు తిరిగివచ్చునపుడు బస్సులో నొకదానిని మెల్లగా పాడి వినిపించినది.