ఆపరేషన్ ఉచితం, కోలుకోవడం ఎవరి ఖర్చు?

నాట్లు వేసి ఇంటికి వస్తూ ఒక పెద్దమ్మ పొలం గట్టు మీద జారి పడింది. వయసు అరవై దాటింది. తుంటి ఎముక విరిగింది. ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. ఆస్పత్రిలో చేతి డబ్బు పెద్దగా పడలేదు. వారం తర్వాత ఇంటికి పంపుతూ ఒక కాగితం చేతిలో పెట్టారు. మేం పరిశోధన పని మీద ఆ వాడకు వెళ్లినప్పుడు ఆమె దాన్ని పాలిథిన్ కవర్‌లోంచి తీసి, "ఏం రాసిండ్రో సదువు బిడ్డా" అంది. అందులో నాలుగు సలహాలున్నాయి. మూడు నెలలు బరువు పని చేయొద్దు. బలమైన తిండి తినాలి. ఫిజియోథెరపీ చేయించుకోవాలి. కింద కూర్చోవద్దు, వెస్టర్న్ టాయిలెట్ వాడాలి.

చదివి చెప్పాం. ఆమె నవ్వింది. "గివన్నీ ఉన్నోళ్లకు రాసిండ్రు బిడ్డా" అంది.

ఆమె మాటలో నిజముంది. ఆ కాగితం రాసిన డాక్టరు తప్పేమీ రాయలేదు. వైద్యశాస్త్రం చెప్పేది అదే. అయితే అందులో ప్రతి వాక్యం వెనకా ఒక ఆస్తి ఉంది. పని మానేసినా నడిచే ఇల్లు, పప్పూ గుడ్డూ మాంసం కొనగల చేయి, దగ్గర్లో ఫిజియోథెరపిస్టు, ఇంట్లో మరుగుదొడ్డి. ఇవేవీ లేని మనిషికి ఆ సలహాలు పనికిరావు. మన ఆరోగ్య పథకాలు ఈ తేడాను చూడటం లేదు.

కత్తికి లెక్క ఉంది, కాలానికి లేదు

ఆరోగ్యశ్రీ 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. ఆ పథకం వల్ల ప్రాణాలు నిలబడ్డ దళిత కుటుంబాలు ప్రతి వాడలోనూ ఉన్నాయి. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం మా ఉద్దేశం కాదు. 2023 డిసెంబరులో తెలంగాణ ఈ పథకం పరిమితిని 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. 2024 అక్టోబరులో కేంద్రం ఆయుష్మాన్ భారత్‌ను 70 ఏళ్లు దాటిన అందరికీ, ఆదాయంతో పని లేకుండా, 5 లక్షల వరకు వర్తింపజేసింది.

పరిమితులు పెరుగుతున్నాయి. కానీ ఆ డబ్బు ప్రధానంగా పోయేది ఆస్పత్రి ఖాతాలోకి. రోగి గడప దాటి ఇంటికొచ్చాక మొదలయ్యే అసలు కష్టానికి అందులో చోటు దాదాపు లేదు.

వయసు మళ్లినవాళ్ల విషయంలో ఇది చిన్న లోపం కాదు. తుంటి ఎముక విరిగిన వృద్ధుల్లో సుమారు 20 నుంచి 30 శాతం మంది ఏడాదిలోపు చనిపోతున్నారని అనేక దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. చాలామంది విషయంలో ప్రాణం తీసేది విరిగిన ఎముక కాదు. మంచాన పడటం వల్ల వచ్చే న్యుమోనియా, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, ఒరుపుడు పుండ్లు, కండ కరిగిపోవడం. 2007లో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పది రోజులు మంచం మీదే ఉంచితే కాళ్లలోని కండ దాదాపు కిలో తగ్గింది. దెబ్బ తగలని ఒంటికే అలా ఉంటే, ఎముక విరిగి, సగం కడుపుతో ఉన్న ఒంటి సంగతి ఊహించవచ్చు. అందుకే సాధ్యమైతే ఆపరేషన్ మర్నాడే లేపి నిలబెట్టాలని నేటి వైద్యం అంటోంది. కోలుకోవడం చికిత్స తర్వాతి విషయం కాదు, చికిత్సలో సగం.

కూలి పని వ్యాయామం కాదు

"మీవాళ్లకేం, కష్టం చేసిన ఒళ్లు, రాయిలా ఉంటారు" అనే మాట మనం వింటూనే ఉంటాం. పొగడ్తలా వినిపించే ఈ మాట నిజానికి మన శరీరాలను పనిముట్లుగా చూసే చూపు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం 65 దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒంటికి పని చెప్పాలి. కండబలం పెంచే వ్యాయామం వారానికి రెండు రోజులు, పడిపోకుండా నిలదొక్కుకునే వ్యాయామం మూడు రోజులు చేయాలి. రోజంతా వంగి నాటేసే కూలి మనిషికి ఇది అక్కర్లేదని తోస్తుంది. డెన్మార్క్ పరిశోధకుడు ఆండ్రియాస్ హోల్టర్‌మన్, ఆయన సహచరులు ఏళ్ల తరబడి చూపిస్తున్నది మరోలా ఉంది. తీరిక వేళ చేసే వ్యాయామం గుండెకు మేలు చేస్తే, బతుకుదెరువు కోసం విశ్రాంతి లేకుండా చేసే బరువు పని ఆ మేలు చేయకపోగా కీడు చేయవచ్చు. నడుము వంచడం, బరువులెత్తడం గంటల తరబడి సాగుతాయి. ఎప్పుడు ఆపాలో నిర్ణయించేది ఒళ్లు కాదు, మేస్త్రీ. పార్కులో గంట నడిచే మనిషికీ పొలంలో ఎనిమిది గంటలు వంగే మనిషికీ ఉన్న తేడా అదే. ఒకరు ఒంటిని పెంచుకుంటారు, ఇంకొకరు ఒంటిని అమ్ముకుంటారు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో పనిచేసే ఎస్సీల్లో దాదాపు 46 శాతం వ్యవసాయ కూలీలే. మొత్తం శ్రామికుల్లో ఆ వాటా సుమారు 30 శాతం. అంటే మనలో సగానికి దగ్గరగా ఉన్నవాళ్లు అరవై ఏళ్లకు చేరేసరికే అరిగిన మోకాళ్లతో, వంగిన నడుములతో ఉంటారు.

ఆడవాళ్ల విషయంలో ఇంకో పొర ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. తెల్లబట్ట, కడుపునొప్పి అని వెళ్తే గర్భసంచి తీయించుకోమన్న కథలు వాడల్లో కొల్లలు. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా చిన్న వయసులో తీసేస్తే ఈస్ట్రోజన్ ఆగిపోయి ఎముకలు తొందరగా గుల్లబారతాయి. ముప్పైలలో జరిగిన ఆపరేషన్ అరవైలలో తుంటి విరుపుగా తిరిగి రావచ్చు. ఆ పెద్దమ్మ పడిన గట్టు ఒక్కటే ఆమె పడటానికి కారణం కాకపోవచ్చు.

ఇది పేదలందరి సమస్యే కదా, కులం ఎందుకు అంటారు కొందరు. 2022లో పీఎన్ఏఎస్ పత్రికలో సంగీత వ్యాస్, పాయల్ హాతి, ఆశిష్ గుప్తా ప్రచురించిన పరిశోధనను వాళ్లు చూడాలి. తొమ్మిది రాష్ట్రాల్లో అగ్రకుల హిందువులతో పోలిస్తే దళితుల ఆయుర్దాయం మూడేళ్లకు పైగా, ఆదివాసులది నాలుగేళ్లకు పైగా తక్కువ. ఆర్థిక స్థితిలోని తేడా ఈ వ్యత్యాసంలో సగం కూడా వివరించలేకపోయింది. ఆ తొమ్మిదిలో మన రెండు రాష్ట్రాలు లేవు. కానీ భూమి ఎవరిది, కూలి ఎవరిది అన్న ప్రశ్నకు ఇక్కడ మాత్రం జవాబు వేరా?

మూడు నెలల కూలి ఎవరిస్తారు

మొదటి సలహా, మూడు నెలలు బరువు పని చేయొద్దని. కార్మికుడు జబ్బుపడితే కూలి ఆగకూడదన్న ఆలోచన మన దేశానికి కొత్త కాదు. వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో డాక్టర్ అంబేడ్కర్ 1942 నుంచి 1946 వరకు కార్మిక సభ్యుడిగా ఉన్నారు. ఆ కాలంలోనే ప్రొఫెసర్ అదార్కర్‌ను నియమించి కార్మికుల ఆరోగ్య బీమా మీద నివేదిక తయారు చేయించారు. అది 1944లో వచ్చింది. 1948 ఇఎస్ఐ చట్టానికి అదే పునాది. ఇఎస్ఐ ఉన్న కార్మికుడు జబ్బుపడితే ఏడాదికి 91 రోజుల వరకు కూలిలో 70 శాతం అందుతుంది. పనిలో గాయపడి తాత్కాలికంగా పని చేయలేకపోతే, కోలుకునేదాకా 90 శాతం.

వ్యవసాయ కూలీ మాత్రం ఆ గొడుగు బయటే ఉండిపోయింది. ఎనభై ఏళ్లు కావస్తున్నా అక్కడే ఉంది. పొలంలో పడితే అది పనిలో గాయం కాదు, ఆమె ఖర్మ.

దారి లేదనడానికి వీల్లేదు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరోగ్య ఆసరా పేరుతో, ఆపరేషన్ తర్వాత డాక్టర్ చెప్పిన విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5 వేలకు మించకుండా ఇవ్వడం మొదలుపెట్టింది. మొత్తం చాలదు. కానీ కోలుకునే కాలానికి ధర ఉందని ఒక ప్రభుత్వం ఒప్పుకున్నది అక్కడే. ప్రభుత్వాలతో పథకాల పేర్లు మారతాయి. ఈ సూత్రం పోకూడదు, తెలంగాణకూ రావాలి. 2005 ఉపాధి హామీ చట్టం రెండో షెడ్యూలులో, పని చోట గాయపడి ఆస్పత్రిలో చేరిన కూలీకి ఉచిత చికిత్సతో పాటు సగం కూలికి తగ్గకుండా రోజు భత్యం ఇవ్వాలని రాశారు. ఆ చట్టం స్థానంలో ఏది వచ్చినా ఈ హక్కు నిలిచేలా చూసుకోవడం మన పని.

పింఛను ఉంది కదా అనొచ్చు. 60-79 ఏళ్లవారికి కేంద్రం వాటా ఏళ్లుగా నెలకు 200 రూపాయలే. మిగతాది రాష్ట్రాల దయ. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి 4,000 ఇస్తున్నారు. తెలంగాణలో 2023 ఎన్నికల్లో 4,000 హామీ ఇచ్చినప్పుడు అందుతున్నది 2,016. ఇది బతకడానికి ఇచ్చే డబ్బు, కోలుకోవడానికి కాదు.

గుడ్డు, పెద్దకూర

రెండో సలహా బలమైన తిండి. జబ్బుపడ్డ వృద్ధులకు ప్రతి కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలని వృద్ధాప్య పోషణ నిపుణులు చెబుతారు. 50 కిలోల మనిషికి 60 నుంచి 75 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, వంద గ్రాముల బియ్యంలో 7 గ్రాములు. రేషన్ బియ్యం, చింతపండు చారుతో ఈ లెక్క తెగదు.

తక్కువ ఖర్చులో ఎక్కువ ప్రొటీన్ ఇచ్చే తిండి మన వాడల్లో తరతరాలుగా ఉంది. అది పెద్దకూర. 2012లో ఉస్మానియా విద్యార్థులు పెద్దకూర పండుగ చేసినప్పుడు దాన్ని కేవలం రాజకీయ ప్రదర్శనగా చూపించారు. అది ఆరోగ్యం ప్రశ్న కూడా. బక్కచిక్కిన ముసలిమనిషి తినగలిగే కూర మీద నిఘా పెట్టి, పౌడర్ డబ్బా కొనుక్కోమని చీటీ రాయడం ఎక్కడి న్యాయం?

చేయి పట్టి లేపేదెవరు

వృద్ధుల ఆరోగ్య జాతీయ కార్యక్రమం 2010-11లోనే మొదలైంది. దాని మార్గదర్శకాల్లో జిల్లా ఆస్పత్రిలో పది పడకల వృద్ధుల వార్డు, సామాజిక ఆరోగ్య కేంద్రంలో వారానికి రెండు రోజుల క్లినిక్, ఫిజియోథెరపీ, మంచాన పడ్డవాళ్లకు ఇంటి దగ్గర సేవ ఉన్నాయి. కాగితం మీద మనకు కావలసింది దాదాపు అంతా ఉంది. కానీ మేం తిరిగిన వాడల్లో ఈ కార్యక్రమం పేరు విన్న ముసలివాళ్లు మాకు కనిపించలేదు. ఆ పెద్దమ్మకు పట్నంలోని ఫిజియోథెరపీకి రానూపోనూ ఆటో కిరాయి ఒక రోజు కూలి. రెండుసార్లు వెళ్లి మానేసింది.

ఫిజియోథెరపీ అంటే తాకే వైద్యం. చేయి పట్టాలి, కాలు వంచాలి, నడుముకు ఆసరా ఇవ్వాలి. "దూరం నుంచి చూపించి, ఇంట్లో చేసుకోమన్నరు" అని మరో పెద్దాయన మాతో అన్నాడు. అది పని ఒత్తిడో, ఇంకేదో ఆయన తేల్చి చెప్పలేదు. కానీ ఆ అనుమానం ఎందుకొచ్చిందో మనకు తెలుసు.

చివరికి లేపేది కోడలో కూతురో. ఆమె కూలి కూడా పోతుంది. ఒక తుంటి విరిగితే రెండు కూళ్లు ఆగిపోతాయి.

అడగాల్సినవి, చేయాల్సినవి

అడగాల్సినవి నాలుగు. డాక్టర్ రాసిన విశ్రాంతి కాలానికి కనీస కూలికి తగ్గని భత్యం, రెండు రాష్ట్రాల్లోనూ. ప్రతి మండలంలో వాడకు వచ్చే ఫిజియోథెరపిస్టు. డిశ్చార్జి రోజు నుంచి మూడు నెలలు రోజూ గుడ్లు, పప్పు. వ్యవసాయ కూలీలకు ఇఎస్ఐ తరహా రక్షణ. నిధుల్లేవంటే ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ ఉప ప్రణాళిక, తెలంగాణలో 2017 చట్టం కింద ప్రత్యేక అభివృద్ధి నిధి గుర్తుచేద్దాం. ఆ నిధి ఫ్లైఓవర్లకు కాదు, మన నడుములకు.

అందాకా సంఘాలు, విద్యార్థులు చేయగలిగినవీ ఉన్నాయి. 2017లో నెల్లూరు జిల్లాలో ప్రారంభమైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద పేద వృద్ధులకు వాకర్లు, కర్రలు, చక్రాల కుర్చీలు ఉచితంగా ఇస్తారు. దరఖాస్తులు రాయించండి. కనీసం ఐదేళ్లు ఇఎస్ఐలో ఉండి వయసు నిండి దిగిపోయిన కార్మికులు ఏడాదికి 120 రూపాయలు కడితే, భార్యాభర్తలిద్దరికీ వైద్యం కొనసాగుతుంది. పారిశుధ్య కార్మికుల ఇళ్లలో ఈ సంగతి చెప్పండి. మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు పెంచితే లేవడం తేలిక. డాక్టర్‌ను అడిగి, కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, మడమలు కదపడం రోజూ చేయించండి. పిక్క వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

రెండోసారి వెళ్లినప్పుడు ఆ పెద్దమ్మ గోడ పట్టుకుని వాకిలి దాకా నడుస్తోంది. మూడు నెలలు నిండలేదు. "కలుపుకు పిలుస్తున్నరు, ఎల్లుండి పోత" అంది. వద్దనడానికి మా దగ్గర డాక్టర్ కాగితం ఉంది. ఆమెకివ్వడానికి కూలి లేదు.