అధ్యక్షుడును గ్రంథపాలకుడును

గ్రంథాలయమునకు యజమాని యెవరు? పాలకవర్గమువారు తామే యందురు. గ్రంథపాలకుడు పైకి ఔననుచు, లోలోపల తానే యనుకొనును. బీరువా తాళములు వీరి నడుమ తిరుగుచుండగా చదువరి వాకిట నిలిచియుండును.

1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడిన నాళ్లలో ఈ చిక్కు చాలవఱకు లేదు. పల్లెలలో చందాలు పోగుచేసినవారే పుస్తకములు తెచ్చి, దీపము వెలిగించి, లెక్కలు వ్రాసికొనిరి. పిమ్మట 1948 నాటి మదరాసు చట్టమును, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టమును వచ్చినవి. సెస్సు వచ్చెను, సంస్థలు వచ్చెను, జీతగాండ్రు వచ్చిరి. పని రెండు చేతులలోనికి పోయెను గాని, ఏ పని ఏ చేతిదో మనము తేల్చుకొనలేదు.

నేనొక పట్టణ గ్రంథాలయ సంఘమున రెండేండ్లు సభ్యుడనైయుంటిని. ఒక సమావేశమున పంకా ఏ మూల వ్రేలాడదీయవలెనని గంటన్నర చర్చించితిమి. ఆ యేటి పుస్తకముల జాబితా మూడు నిమిషములలో ముగిసెను. అందు అధ్యక్షుని బంధువొకరి పద్యకావ్యము నలువది ప్రతులున్నవని కట్టలు విప్పినపుడు గాని మాకు తెలియలేదు. గ్రంథపాలకుడు ముందే యెఱుగును. ఏల చెప్పలేదంటిని. "నన్నెవరడిగిరండీ?" అనెను. ఆతనిపై కోపము వచ్చినమాట నిజమే. కాని జాబితా చదువక చేవ్రాలు చేసినవారిలో నేనొకడను.

ప్రతి చదువరికి తన పుస్తకము దొరకవలెననియు, ప్రతి పుస్తకమునకు తన చదువరి దొరకవలెననియు రంగనాథన్‌గారు 1931లోనే తమ పంచసూత్రములలో చెప్పిరి. ఏ విద్యార్థి ఏ పుస్తకమడిగి వట్టిచేతులతో మరలిపోయెనో బల్లయొద్ద కూర్చున్నవానికి తెలియును గాని, నెలకొకమాఱు తేనీటికి వచ్చు మాకెట్లు తెలియును? కావున ఎంపిక ఆతనిది. ఎంత సొమ్ము, ఎవరికొఱకు, ఏ వేళలలో అను నిర్ణయము పాలకవర్గమువారిది.

ప్రజాధనమును జీతగాని చేతిలో విడిచిపెట్టుదుమా యని కొందఱు గద్దింతురు. విడువవలదు. ఏటేట లెక్క అడుగుడు. దాచినవానిని తొలగింపుడు. అయితే లెక్క అడుగుట వేఱు, వాని కలము లాగుకొని తామే వ్రాయుట వేఱు. పైగా జిల్లా సంస్థల అధ్యక్షులను ప్రభుత్వము నియమించును. ప్రభుత్వము మాఱినపుడు పలుచోట్ల వారును మాఱుదురు. బీరువాలోని పుస్తకములు వారితోపాటు మాఱవలెనా?

అధ్యక్షుని పలుకుబడి వ్యర్థమని నా భావము కాదు. దానికి తగిన చోటు వేఱే కలదు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా మనయొద్ద వసూలగుచున్నది. వసూలుచేసిన పంచాయతీలును పురపాలక సంఘములును దానిని సంస్థలకు సకాలమున చెల్లింపక నిలిపియుంచుట పాతకథ. చిన్న యుద్యోగియైన గ్రంథపాలకుడు పురపాలక కార్యాలయమునకు పోయి బాకీ నిలదీయగలడా? అధ్యక్షుడు పోగలడు. రావలసిన బాకీ యెంతో వచ్చు సమావేశమున మొదటి యంశముగా చదివింపుడు. రెండవది పుస్తకముల జాబితా. గ్రంథపాలకుని ఎదుట కూర్చుండబెట్టుకొని చదువుడు. పంకా సంగతి ఆతడు చూచుకొనును.